‘ఎంచు’ అను క్రియ – దక్షిణ తెలంగాణ సంఘ చరిత్రలో దాని ప్రయోగము

మన తెలుగు పరిశుద్ధ గ్రంథములో ‘ఎంచు’ అను క్రియ తరచుగా కనిపించినను, దాని మీద మనము నిలిచి ఆలోచించుట అరుదు. లెక్కించుట, ఫలానావాడని పేర్కొనుట, విలువ కట్టుట – ఈ మూడు పనులను ఈ ఒక్క మాట చేస్తుంది. దీని తోబుట్టువు ‘ఎన్ను’. ‘ఎన్నిక’ అను నామము దానినుండి పుట్టినదే. తమిళములోను కన్నడములోను సంఖ్యకు, తలంపుకు సంబంధించిన మాటలు ఇదే ధాతువునుండి వచ్చినవి. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు కూడ లెక్కను, మన్ననను ఈ మాట క్రిందనే చూపుతుంది. మన పల్లెలలో పెద్దవారు నేటికీ పైసలు ఎంచుతారు. ఒకరి తప్పులు కూడ ఎంచుతారు. కాబట్టి ఇది గ్రంథ భాషకు మాత్రమే చెందిన మాట కాదు, చేతితోను నోటితోను చేసే పని.

రోమా పత్రిక 4వ అధ్యాయములో పౌలు వాడిన ‘లొగిజొమై’ అను గ్రీకు క్రియ పదకొండు సార్లు వస్తుంది. అది ఖాతా పుస్తకానికి చెందిన మాట. ఆదికాండము 15:6లో దీనికి మూలమైన హెబ్రీ క్రియయే యెషయా 53వ అధ్యాయములో బాధపడు సేవకుని గూర్చి వచ్చినది. మనుష్యులు అతనిని ఎన్నిక చేయలేదు. దేవునివలన బాధింపబడినవానిగా ఎంచిరి. అబ్రాహామునకు నీతి జమచేసిన క్రియ, సేవకుని విషయములో మనుష్యుల చేతికి వచ్చినప్పుడు ఎంత తప్పుగా పనిచేసినదో తెలుగు చదువరికి వెంటనే తెలుస్తుంది, ఎందుకనగా మన అనువాదకులు రెండు చోట్లను ఒకే కుటుంబపు మాటలు ఉంచిరి. నేటి ప్రసంగాలలో ‘ఎంచు’కు బదులు ‘భావించు’ అనుట అలవాటైనది. మా దృష్టిలో అది నష్టమే. భావించుట మనస్సులో ముగిసిపోవచ్చును, ఎంచినది పుస్తకములోకి ఎక్కుతుంది.

ఇంతకన్న ధైర్యమైన ప్రయోగము 1 కొరింథీయులకు 1:28లో ఉన్నది. అక్కడ గ్రీకు మాటలకు అక్షరార్థము ‘లేనివి’ అని మాత్రమే. మన పాత అనువాదము దానిని ‘ఎన్నికలేనివారు’ అన్నది. లెక్కలో లేనివాడు ఊరిలో లేనివానితో సమానమని తెలిసిన సమాజములోనే అటువంటి అనువాదము పుడుతుంది.

ఆ మాట పాలమూరు, నల్లగొండ ప్రాంతాలలో ఎవరి చెవిని పడినదో చూడవలెను. అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షమున ఎల్బర్ట్ చ్యూట్ 1885లో పాలమూరులో పని ఆరంభించిరి. రష్యానుండి వచ్చిన మెనొనైట్ బ్రదరన్ దంపతులు అబ్రాహాము ఫ్రీసెన్, మరియ 1890లో నల్లగొండలో స్థిరపడిరి. అదే సంవత్సరము పాలమూరునకు ఆరవ నిజాము పేరిట మహబూబ్‌నగర్ అని పేరు వచ్చినది. తరువాత నాగర్‌కర్నూలు, దేవరకొండ మొదలైనచోట్ల అమెరికన్ మెనొనైట్ బ్రదరన్ కేంద్రములు ఏర్పడినవి. విశ్వసించినవారు అత్యధికులు మాల, మాదిగ వాడలవారు.

వారి పేర్లు ఊరిలో ఎట్లు పలుకబడెడివో ఈ ప్రాంతపు పాఠకులకు చెప్పనక్కరలేదు. ఎల్లయ్య ‘ఎల్లిగ’, మల్లయ్య ‘మల్లిగ’. ‘అయ్య’ను కోసివేయుటయే అక్కడ వెలకట్టుట. ఎదుటివాడు తన్ను తాను చెప్పుకొనవలసిన మాట ‘బాంచెను’, అనగా దాసుడు. బాప్తిస్మపు నీళ్లయొద్ద దేవదాసు అనో రూతమ్మ అనో నిండు పేరు నలుగురి ఎదుట పలుకుట ఈ నేపథ్యములో చిన్న సంగతి కాదు. (దేవదాసు అను పేరులోను దాసుడు ఉన్నాడు, కాని యజమాని మారినాడు.)

వెట్టిని కూడ ఇక్కడనే తలచుకొనవలెను. రోమా 4:4లో పౌలు ఒక సామాన్య న్యాయమును ఆధారముగా తీసుకొనుచున్నాడు: పనిచేసినవాని జీతము అతనికి రావలసిన ఋణమే, దయాధర్మము కాదు. దొరకును, పటేలుకును, పట్వారీకిని మూటలు మోసి, చెప్పులు కుట్టి, కబుర్లు చేరవేసి, కూలి అడుగరానివారికి ఆ న్యాయమే వింతగా తోచియుండును. జీతమే ఎంచబడని చోట కృపను ఎట్లు బోధించవలెను? ఉచితము అనునది వారికి తాము ఇచ్చినదే గాని పొందినది కాదు. ఈ వచనమును బోధించునప్పుడు మన వ్యాఖ్యానములు నేరుగా ఐదవ వచనములోనికి దాటిపోవుట మాకు ఎన్నడును సమ్మతముగా లేదు.

మిషనులు కూడ ఎంచినవి. ఒంగోలు బాప్టిస్టు క్షేత్రములో 1878 జులై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని నేటికిని చెప్పుకొనుచున్నాము. లెక్కలోనికి ఎక్కుట గౌరవమే. అయితే అంకెలో పేరు వినబడదు.

‘ఎన్నిక’ అను మాట ఓటుకు అర్థముగా స్థిరపడిన తరువాత, సాయుధ పోరాటము ముగిసిన మరుసటి ఏటనే, 1952 సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండనుండి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతో గెలిచిరి. బాంచెను అన్నవారు అక్కడ ఎన్నువారైరి.

అయితే అంతకు రెండేండ్ల ముందే మరొక పుస్తకము తెరువబడినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారము హిందూమతము గాక వేరొక మతమును అవలంబించు వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడుగా ఎంచబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు కలిగినది, క్రైస్తవులకు కలుగలేదు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైనవారు ‘సి’ గుంపుగా, ఒక శాతము రిజర్వేషనుతో, నిలిచిరి. ఇదియు ఒక పేరే, ఒక వెలయే.

ఉత్తర్వు ఎంచినంత మాత్రమున ఊరు ఎంచుట మానలేదు. మందిరము మాదిగవాడలోనే ఉన్నది. పెండ్లి సంబంధము అడుగునప్పుడు, చావునకు డప్పు పిలుచునప్పుడు ఊరి లెక్క పాతదే. అందుచేత అనేక కుటుంబములలో సంఘపు పుస్తకములో ఒక పేరు, బడి సర్టిఫికెట్టులో మరొక పేరు నడుచుచున్నవి. దీనిని వేషధారణ అని వేదికనుండి గద్దించు సేవకులు ఉన్నారు. మేము వారితో ఏకీభవించలేము. రెండు పేర్లు వ్రాయించినది ఆ తలిదండ్రుల కపటము కాదు, రెండు పుస్తకములు ఉంచిన ఉత్తర్వు. ప్రభుత్వము 2022లో ఈ ప్రశ్నను పరిశీలించుటకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషనును నియమించినది. ఈలోగా దరఖాస్తు కాగితము పట్టుకొని పాస్టరు ఇంటికి వచ్చు యౌవనుడు అడుగునది రోమా 4 వ్యాఖ్యానము కాదు, మతము అను గడిలో ఏమి వ్రాయవలెనని. అతనికి జవాబు చెప్పుటకు ముందు, ఏది వ్రాసినయెడల అతడు ఏమి కోల్పోవునో ఆ పాస్టరుకు తెలిసియుండవలెను.