అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో అభిప్రాయభేదాలు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆధారంగా ఒక పరిశీలన

తెలుగులో విజ్ఞాన సర్వస్వ రచనకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు చేపట్టిన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మొదలుకొని, తెలుగు భాషా సమితి సంపుటాలు, ‘సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశము’ వరకు అచ్చు సర్వస్వాలన్నింటిలోను తుది నిర్ణయం సంపాదకులదే. పండితుల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నా అవి అచ్చుకు ముందే సమసిపోయేవి. పాఠకునికి చేరేది నిర్ణయం మాత్రమే. 2001లో ఆంగ్లంలోను, 2003 డిసెంబరులో తెలుగులోను ప్రారంభమైన వికీపీడియా ఈ పద్ధతిని మార్చింది. ఇందులో రాసేవారు, దిద్దేవారు స్వచ్ఛంద సంపాదకులే. ప్రతి మార్పూ వ్యాస చరిత్రలో నిలిచి ఉంటుంది. ప్రతి వ్యాసానికీ ఒక చర్చాపుట ఉంటుంది. అందుచేత సంపాదకుల వాదోపవాదాలు కూడా చరిత్ర పరిశోధకునికి ఆధారపత్రాలే.

ఈ సంపాదకులకు మూడు నియమాలు ప్రధానం: తటస్థ దృక్కోణం, నిర్ధారణకు వీలైన మూలం, సొంత పరిశోధనను చేర్చకపోవడం. ఏది సత్యమో సంపాదకుడు తేల్చడు. ఎవరు ఏ ఆధారంతో ఏమన్నారో నమోదు చేస్తాడు. ఈ నియమాలు ఎంతవరకు సరిపోతాయో, ఎక్కడ చాలవో గుర్తించడానికి శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాలు చక్కని ఉదాహరణలు.

మొదటిది పేరు సమస్య. పరిపాలనా వ్యవహారంలో ‘పెనుకొండ’ రూపం స్థిరపడింది. సాహిత్యంలో ఉత్తరపదాది కకారం సరళమైన ‘పెనుగొండ’ రూపానికి ప్రచారం ఎక్కువ. పుట్టపర్తి నారాయణాచార్యుల కావ్యం పేరు ‘పెనుగొండ లక్ష్మి’. సంస్కృత రచనల్లో ఇదే ఊరు ఘనగిరి. మరోవైపు వాసవీ కన్యక గాథతో ముడిపడిన పెనుగొండ పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. వ్యాకరణాన్ని, కావ్య ప్రయోగాన్ని ఆశ్రయించే సంపాదకుడు ‘పెనుగొండ’ను, నేటి వ్యవహారాన్ని ప్రమాణంగా తీసుకునేవాడు ‘పెనుకొండ’ను కోరడం సహజం. ఇద్దరి వాదమూ నిరాధారం కాదు. ఒక రూపాన్ని శీర్షికగా నిలిపి, తక్కిన రూపాలను వ్యాసంలో చూపి, అయోమయ నివృత్తి పుట ద్వారా రెండు ఊళ్ళను వేరుచేయడమే ఇందుకు పరిష్కారం. ఇక్కడ నియమాలు సరిపోయాయి.

రెండవది మూలాల వివాదం. 1565 నాటి రాక్షసి–తంగడి యుద్ధానంతరం విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. కాబట్టి విజయనగర చరిత్రను గూర్చిన వివాదం ఈ ఊరినీ తాకుతుంది. సంగమ వంశీయులు కన్నడిగులా, తెలుగువారా అన్న ప్రశ్న ఆంగ్ల వికీపీడియా చర్చాపుటల్లో దీర్ఘకాలం సాగింది. ఇది అంతర్జాలంలో పుట్టిన తగవు కాదు. 1929లో హెన్రీ హెరాస్, 1933లో నేలటూరి వెంకటరమణయ్య తమ గ్రంథాలలో పరస్పర విరుద్ధ నిర్ణయాలు చేశారు. ఆనాటి పండిత వాదాన్నే నేటి సంపాదకులు కొనసాగించారు. అయితే పండితుడు శాసనాన్ని చదివి వాదిస్తాడు. సంపాదకుడు పండితుని వాక్యాన్ని చూపి వాదిస్తాడు. ఒక పక్షం వాక్యాన్ని మరొక పక్షం తొలగిస్తూ పోతే దిద్దుబాటు యుద్ధమవుతుంది. ఇరవైనాలుగు గంటల్లో ఒకే పుటలో మూడు కంటె ఎక్కువ తిరగ్గొట్టడాలు చేయరాదన్న ఆంగ్ల వికీపీడియా నియమం ఇటువంటి ఘర్షణలను అదుపు చేయడానికే. పెనుకొండ, లేపాక్షి పరిసరాల శాసనాలు కన్నడంలోను తెలుగులోను ఉన్నాయి. ఈ ద్విభాషా వాస్తవాన్ని ఏదో ఒక పక్షానికి కట్టబెట్టకుండా యథాతథంగా నమోదు చేయడమే తటస్థత.

మూడవది పాలనా విభజన తెచ్చిన సమస్య. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. హిందూపురాన్ని జిల్లా కేంద్రం చేయాలని ఆందోళనలు జరిగినా పుట్టపర్తి కేంద్రమైంది. మూడు పట్టణాల వ్యాసాల్లో జిల్లా పేరు మార్చవలసి వచ్చింది. వర్తమానాన్ని తెలిపే వాక్యంలో ఈ మార్పు అవసరం. గతాన్ని తెలిపే వాక్యంలో అదే మార్పు దోషం. అనంతపురం జిల్లా కూడా 1882లో బళ్ళారి జిల్లా నుండి ఏర్పడినదే. పేరును యాంత్రికంగా మారిస్తే పందొమ్మిదవ శతాబ్దపు సంఘటన ఇరవై ఒకటవ శతాబ్దపు జిల్లాలో జరిగినట్లవుతుంది.

ఈ మూడు సందర్భాల్లోను భేదాభిప్రాయం వ్యాసానికి మేలే చేయగలదు. అసలు ప్రమాదం వివాదమే లేని వాక్యాల్లో ఉంది. మరాఠా నాయకుడు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరిట హిందూపురాన్ని కట్టించాడని, క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేరిట ధర్మవరానికి ఆ పేరు పెట్టాడని ప్రతీతి. జటాయువుతో రాముడన్న ‘లే పక్షీ’ అన్న మాటే లేపాక్షి అయిందని జనశ్రుతి. ఇవి సంప్రదాయ కథనాలు. ఎవరూ ప్రశ్నించకపోతే ‘అని చెబుతారు’ అన్న రెండు మాటలు జారిపోయి ఇవే చారిత్రక సత్యాలుగా చలామణి అవుతాయి. ఆపై ఆ వాక్యాన్నే ఎత్తి రాసిన మరొక రచనను తిరిగి దానికే మూలంగా చూపే అవకాశమూ ఉంది.

ఇక్కడ తటస్థత ఒక్కటే చాలదు. చూపడానికి మూలం ఉండాలి. శాసన పాఠాలు, కైఫియత్తులు, స్థలపురాణాలపై విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధన అముద్రితంగా మిగిలిపోతే, తెలిసిన సంపాదకుడు సైతం దానిని ప్రమాణంగా చూపలేడు. ప్రమాణం లేని వాదంలో నిలిచేది పట్టుదల మాత్రమే. అందువల్ల స్వచ్ఛంద సంపాదకుల వివాదాలకు పరిష్కారం కొంతమేరకు తెలుగు శాఖల చేతిలోనే ఉంది. పరిష్కరించిన శాసన పాఠాలను, స్థలనామ పరిశోధనలను ప్రకటించి అందరికీ అందుబాటులోకి తెస్తే, సంపాదకులు పట్టుదలతో కాక ప్రమాణంతో వాదించగలుగుతారు.