కవాటం వంశవృక్షం: ఒక పాత డర్ట్ బైకు చరిత్ర

కవాటమంటే తలుపు. ఆంగ్లులు వాడే ‘వాల్వు’ అన్న మాటకు మూలమైన లాటిను పదానికీ తలుపు రెక్క అనే అర్థం. నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఈ తలుపు సెకనుకు యాభై మార్లు తెరుచుకొని మూసుకుంటుంది. అంతటి శ్రమకు లోనయ్యే భాగం అరగక మానదు. అరిగిన నాడు మరొకటి దొరకకపోతే, తక్కిన బండి ఎంత దృఢంగా ఉన్నా పాత ఇనుము కిందే లెక్క.

ఈ గండం గడిచి బతికిన బళ్లలో యమహా ఎక్స్‌టీ 500 ఒకటి. 1970లలో మట్టిదారి పందేల్లో రెండు స్ట్రోకుల బళ్లదే రాజ్యం. వాటికి ఇటువంటి వాల్వులే ఉండవు. అట్టి కాలంలో, 1976 మోడలుగా, 499 సీసీల ఒకే సిలిండరు, రెండు వాల్వులు గల నాలుగు స్ట్రోకుల ఇంజనుతో ఎక్స్‌టీ వచ్చింది. కేవలం మట్టిదారులకే ఉద్దేశించిన టీటీ 500 దాని తోబుట్టువు. 1979 నాటి తొలి పారిస్-డకార్ పందెంలోను, మళ్లీ 1980లోను ఫ్రాన్సు దేశీయుడైన సిరిల్ నెవూ ఎక్స్‌టీ మీదనే గెలుపొందాడు.

అయితే దాని విడిభాగాలను కాపాడింది ఆ కీర్తి కాదు, రోడ్డు మీద తిరిగే తమ్ముళ్లు. 1978లో అదే ఇంజను వంశంలో ఎస్సార్ 400, ఎస్సార్ 500 పుట్టాయి. ఎస్సార్ 400లో సిలిండరు వ్యాసం అదే 87 మి.మీ. స్ట్రోకును మాత్రం 84 నుండి 67.2 మి.మీ.కు తగ్గించారు. ఎక్స్‌టీ తయారీ 1980ల చివరలో ముగిసింది. ఎస్సార్ 400 మాత్రం మధ్య మధ్య విరామాలతో 2021 దాకా సాగింది. రెంటికీ ఉమ్మడియైన భాగాలు అన్నాళ్లూ తయారవుతూనే వచ్చాయి.

ఏవి ఉమ్మడివో తెలిసేదెట్లా? యమహా విడిభాగం మీది సంఖ్యే దాని వంశచరిత్ర. మొదటి మూడు అక్షరాలు ఆ భాగాన్ని తొలుత ఏ మోడలుకు రూపొందించారో చెబుతాయి. ‘1ఈ6’ అంటే ఎక్స్‌టీ 500. అది ఇంటిపేరు. తరువాతి ఐదంకెలు చేసే పనిని తెలుపుతాయి: 12111 ఇన్‌టేక్ వాల్వు, 12121 ఎగ్జాస్టు వాల్వు. చివరి రెండంకెలు తరువాతి సవరణలకు గుర్తు. కొత్త బండి జాబితాలో పాత బండి ఇంటిపేరు కనబడితే ఆ భాగం రెంటికీ ఒకటేనన్నమాట.

ఇంటిపేరు వేరైనచోట తొందరపడరాదు. కాడ మందం, పొడవు, తల వ్యాసం కొలిచి చూసుకోవాలి. అరిగిన గైడులో కొత్త వాల్వు వేస్తే కాడ ఊగిసలాడి సీటు త్వరలోనే పాడవుతుంది. కనుక వాల్వు, గైడు, సీటు మూడింటినీ కలిపే చూడాలి.

మనకు దగ్గరి ఉదాహరణ బుల్లెట్టు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఆ బండి అక్కడ ఆగిపోయాక కూడ, 1955లో మొదలైన మద్రాసు తయారీ వల్ల వంశం నిలుపుకుంది.

పందేలు గెలిచిన బళ్ల పేర్లు పుస్తకాలకెక్కుతాయి. వాటిని నేటికీ నడిపిస్తున్నది మాత్రం నలభై ఏళ్లకు పైగా, మధ్య మధ్య విరామాలతో తయారైన ఒక సాదా బండి. ఇట్లా బంధువుల పుణ్యాన బతికిన యంత్రాలు మీ ఎరుకలో ఉంటే తెలుపగలరు.