ఇల్లు విడిచిన స్వామి, జీతం లేని మేయర్

తెలుగునాట అణుకేంద్రక పరిశోధన చరిత్ర ఎవరు చెప్పినా స్వామి జ్ఞానానందతోనే మొదలుపెడతారు. 1896లో పశ్చిమ గోదావరిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యవ్వనంలోనే ఇల్లు విడిచారు. హిమాలయాలు తిరిగి సన్యాసి అయ్యారు. యోగం గురించి చెప్పడానికి జర్మనీ వెళ్ళి, భౌతికశాస్త్రం వైపు మళ్ళారు. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల మీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాఖను నిలబెట్టారు.

గొప్ప ప్రయాణమే. కానీ చెప్పే తీరులో ఇల్లు విడవడం ఒక అర్హతలా వినిపిస్తుంది. బైరెడ్డిపల్లె నుంచి పలమనేరు కాలేజీకి బస్సెక్కడానికే ఇంట్లో బతిమాలుకున్న ఆడపిల్లలను చూసినదాన్ని, ఆ మాట దగ్గర ఆగకుండా ఉండలేను.

స్వామి కంటే పదేళ్ళు చిన్నవారు మరియా గెప్పర్ట్ మేయర్. 1930లో గొట్టింగెన్‌లో డాక్టరేట్ చేసి, భర్త ఉద్యోగం వెంట అమెరికా వెళ్ళారు. ఆయనకు ఉద్యోగమిచ్చిన విశ్వవిద్యాలయాల్లో ఆవిడ ఏళ్ళ తరబడి జీతం లేకుండానో, నామమాత్రపు డబ్బుకో పనిచేశారు. షికాగోలోనూ అంతే, పక్కనున్న ఆర్గాన్ ప్రయోగశాల మాత్రం సగం పూట ఉద్యోగమిచ్చింది. కేంద్రకంలో ప్రోటాన్లు గానీ న్యూట్రాన్లు గానీ 2, 8, 20, 28, 50, 82 ఉంటే అది ఎందుకంత స్థిరంగా ఉంటుందో ఆవిడ 1949లో తేల్చారు: కణాలు పొరలు పొరలుగా సర్దుకుంటాయి, ఒక్కో కణం తిరిగే తీరుకూ దాని ఆత్మభ్రమణానికీ గట్టి ముడి ఉంటుంది. పూర్తి జీతంతో ప్రొఫెసర్ అయ్యింది 1960లో, యాభై దాటాక. నోబెల్ 1963లో.

ఆ పొరలను పరీక్షించేవే గామా కిరణ శోధకాల శ్రేణులు. ఉత్తేజం పొందిన కేంద్రకం మెట్లు దిగుతూ, మెట్టుకో గామా కిరణం వదులుతుంది. ఒక్క శోధకం ముందు పెడితే అన్నీ కలగాపులగం. చుట్టూ చాలా శోధకాలు పేర్చి, ఒకే క్షణాన పడిన కిరణాలను జతచేస్తే, ఏది దేని వెంట వచ్చిందో తెలుస్తుంది. మన దేశపు గామా శ్రేణి 'ఇంగా' ఇలాంటిదే. ఒక్కోదానిలో నాలుగు జెర్మేనియం స్ఫటికాలుండే శోధకాలను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి వాడతారు. ఇవి ఒక్క సంస్థ సొత్తు కాదు. అనేక సంస్థలు కలిపి పెట్టుకున్నవి, ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాల మధ్య వంతులవారీగా తిరిగాయి. వంతుల సంగతి నాకు చాలా నచ్చింది.

50 దగ్గరా 82 దగ్గరా తొలి మెట్టు ఒక్కసారిగా ఎత్తవుతుంది. ఆ సంఖ్యలకు 'మాయాసంఖ్యలు' అని, కాస్త వెటకారంగా, పేరు పెట్టింది విగ్నర్. నోబెల్‌లో సగం ఆయనది. మిగతా సగాన్ని మేయర్ జెన్సన్‌తో పంచుకున్నారు.