హుస్సేన్‌సాగర్ గాలాలు

సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్ నుంచి నైరుతి దిక్కుగా నల్లగుట్ట దాటితే హుస్సేన్‌సాగర్ వస్తుంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, 1562-63 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు ఇది. మూసీ నుంచి కాలువ తవ్వి దీన్ని నింపారు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసేనాటికే చెరువు వయసు 240 ఏళ్లు దాటింది. పేటకు పేరిచ్చిన దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ ఆ తర్వాతి కాలపు వర్తకుడు.

చెరువుల్లో చేపలు పట్టడం తెలంగాణలో గంగపుత్రులు, బెస్తలు, ముదిరాజుల కులవృత్తి. వాళ్ల పనిముట్లు విసురు వల, ఊత, తెప్ప. కుటుంబం గడవాలంటే ఒక్కొక్క చేపను పట్టుకుంటూ కూర్చుంటే సాగదు కాబట్టి వృత్తి అంతా వలమీదే నడిచింది. గాలం పిల్లలది, తీరిక దొరికినవాళ్లది. సన్నని వెదురుకర్ర, నూలు దారం, దారం మధ్యన ఒక బెండు, కొసన ఇనుప కొక్కెం, దానికి గుచ్చిన ఎర్ర: ఇంతే సరంజామా. చూడటానికి చిన్నదే అయినా ఆలోచించి చేసినది. బెండును పైకీ కిందికీ జరిపి ఎర ఎంత లోతున వేలాడాలో నిర్ణయించవచ్చు. ఏ చేప పడుతుందన్నది ఆ లోతును బట్టే ఉంటుంది. బొచ్చె నీటి పైభాగంలో మేస్తుంది, రవ్వు నడిమి నీటిలో, మోసు అడుగున.

బ్రిటిష్ కంటోన్మెంట్లతో పాటు వాళ్ల అధికారుల సరదా గాలం కూడా దేశంలోకి వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ ప్రచురించాడు. 1887లో కేవలం చెరువుల్లో గాలం వేయడం గురించే ‘టాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశాడు. వాగులో పారే నీటికి పనికొచ్చే సామాను నిలిచిన చెరువు నీటికి సరిపోదు కాబట్టి ఆ రెండో పుస్తకానికి అవసరం ఉంది. ఆ కాలపు సామానుకు చాకిరీ ఎక్కువ. పట్టు దారాన్ని వాడిన ప్రతిసారీ ఆరబెట్టాలి, లేకపోతే కుళ్లిపోతుంది. కొక్కేనికి కట్టే పట్టుపురుగు నరాన్ని ముందుగా నానబెట్టకపోతే ముడి వేసేటప్పుడే తెగుతుంది. కర్ర విషయంలో మాత్రం భారతదేశమే ప్రపంచానికి ఇచ్చింది. అమెరికాలో వెదురు చీలికలు అతికించి కర్రలు చేసినవాళ్లు చైనా టోంకిన్ వెదురుకు మారకముందు ‘కలకత్తా వెదురు’నే వాడారు. చెరువుల్లో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు చంపడాన్ని నిషేధిస్తూ 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది.

అమెరికా సరస్సుల్లో గాలపువాళ్లకు అత్యంత ప్రీతిపాత్రమైనది బాస్ చేప. అది దక్కన్ చెరువుల చేప కాదు. దాని స్థానం ఇక్కడ కొర్రమీనుది, తెలంగాణ పల్లెల మాటలో కొరమట్టది. రెండూ నాచులో, తుంగలో నక్కి, దగ్గరికొచ్చిన కప్పనో చిన్న చేపనో ఒక్క ఉదుటున అందుకుంటాయి. కానీ కొర్రమీనుకు బాస్‌కు లేని శక్తి ఒకటుంది. తలలోని ప్రత్యేక అవయవంతో అది గాలినే నేరుగా పీలుస్తుంది. అందుకోసం కొద్ది నిమిషాలకోసారి పైకి వస్తుంది. తెలిసినవాడు ఆ సుడిని చూసి గాలం వేస్తాడు. ఎర్రటి పిల్లల గుంపు నీటిపై కదులుతుంటే తల్లి, తండ్రి చేపలు కిందే కాపలా కాస్తుంటాయి. అప్పుడు వాటిని పట్టడం తేలిక, కానీ పట్టకూడదు. పెద్దవి పోతే పిల్లల గుంపు మొత్తం వేరే చేపల పాలవుతుంది. కొర్రమీనుకు సన్నని దారం పనికిరాదు. కొక్కెం తగిలిన మరుక్షణం అది గుర్రపుడెక్క వేళ్లలోకి దూరుతుంది. గట్టి కర్ర, దళసరి దారం, నాచుకు చిక్కని కొక్కెం కావాలి. అందుకే బాస్ కోసం తయారైన రబ్బరు కప్ప ఇక్కడి కొర్రమీనుకూ పనికొచ్చింది.

20వ శతాబ్దంలో సామాను తేలికైంది. 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే వ్యక్తి స్థిరచక్రపు రీలుకు పేటెంటు తీసుకున్నాడు. 1938లో డ్యూపాంట్ కంపెనీ ప్రకటించిన నైలాన్ పట్టు దారాన్ని పక్కకు నెట్టింది. ఇక్కడి చేపల్లో మార్పు తెచ్చింది మాత్రం 1957 జూలై 10. ఆ రోజు ఒడిశాలో హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటినుంచి బొచ్చె, రవ్వు, మోసు పిల్లలను ఏ చెరువులోనైనా వదలడం సాధ్యమైంది. వాటి కోసం గాలపువాళ్లు ఎర్రలతో పాటు పిండి ముద్దలు, తవుడు, పల్లీ చెక్క పట్టుకోవలసి వచ్చింది. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియా అడగకుండానే చెరువులన్నీ ఆక్రమించింది.

హుస్సేన్‌సాగర్‌లో ఈ మార్పులన్నిటినీ మించినది నీటి మార్పు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాక తాగునీటికి ఈ చెరువు మీద ఆధారపడే అవసరం నగరానికి తీరిపోయింది. ఆ తర్వాత కూకట్‌పల్లి నాలా ద్వారా కార్ఖానాల వ్యర్థాలు, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల ద్వారా మురుగు చేరాయి. నీటిలో ప్రాణవాయువు పడిపోయినప్పుడు ముందు చనిపోయేవి కార్పులు. గాలి పీల్చే కొర్రమీను, మురికిని ఓర్చే తిలాపియా మిగులుతాయి. చేపల్లో భారలోహాలు ఉన్నట్టు పరిశోధనలు చూపాయి కాబట్టి ఇక్కడి చేపను కూరకు వాడకపోవడమే క్షేమం. ఊరంతా చేప తినే మృగశిర కార్తె నాడు కూడా ఈ జాగ్రత్త తప్పదు.

చెరువు ఖాళీగా కూడా లేదు. తెరచాప పడవలు, విహారపు బోట్లు, 1992 డిసెంబరులో నీటిలోంచి తీసి నిలబెట్టిన బుద్ధ విగ్రహం, ఒడ్డంతా జనం. ఇలాంటిచోట కర్రను వెనక్కి ఊపి దూరం విసరడం ప్రమాదం. పొట్టి కర్రతో దగ్గరి నీటిలో వేయడమే మర్యాద. అడుగున బురదతో పాటు నిమజ్జనం చేసిన విగ్రహాల ఇనుప చువ్వలు మిగిలి ఉంటాయి. సీసపు గుండు కట్టి అడుగుకు దించితే దారం అక్కడే తెగుతుంది. ఈ నీటికి తగిన సరంజామా మళ్లీ ఆ పాత బెండే. దాన్ని సరిచేసి, ఎరను అడుగుకు జానెడు పైన నిలపాలి.