ముందే గీసిన గళ్ళు, అతికించిన పుట: స్క్రాప్‌బుక్ పుటవిన్యాస చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పత్రికా కత్తిరింపులు, ఛాయాచిత్రాలు, అచ్చుబొమ్మలు అతికించి దాచుకొనే స్క్రాప్‌బుక్‌ను పరిశోధకులు ఎక్కువగా సమాచారపు సంచిగానే వాడుకున్నారు. అందులో ఏముందో చూశారు గాని, ఏది ఎక్కడ ఉందో చూసినవారు తక్కువ. నేటి స్క్రాప్‌బుక్ కళలో ముందుగా గీసి ఇచ్చే ‘స్కెచ్’, షరతులు పెట్టే ‘ఛాలెంజ్’ ఇటీవలి వ్యాపారం కనిపెట్టినవన్న అభిప్రాయం కూడా ఉంది. ఇతరులు ఏర్పరచిన చట్రంలో సొంత జ్ఞాపకాన్ని అమర్చుకోవడం ఈ ప్రక్రియకు మొదటినుంచీ ఉన్న లక్షణమని, చట్రానికీ నింపిన పుటకూ మధ్య ఉన్న తేడాలోనే కర్త వ్యక్తిత్వం దొరుకుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్క్రాప్‌బుక్, పుటవిన్యాసం, స్కెచ్, ఛాలెంజ్, పత్రికా కత్తిరింపులు, దత్తపది, ఆధారసామగ్రి

1. ప్రవేశిక

స్క్రాప్‌బుక్ తయారుచేసేవారి పరిభాషలో ‘లేఅవుట్’ అంటే ఒక పుట, లేదా ఎదురెదురుగా తెరుచుకొనే రెండు పుటల అమరిక. దీనిని ఈ వ్యాసంలో పుటవిన్యాసం అంటున్నాను. ‘స్కెచ్’ అంటే ఆ పుటకు ముందుగా గీసిన రేఖాపటం. ఫొటో ఎక్కడ, శీర్షిక ఎక్కడ, రాత ఎక్కడ, అలంకారం ఎక్కడ అనే స్థానాలను అది చతురస్రాలతో, గీతలతో చూపుతుంది. బొమ్మ ఏమిటో, మాట ఏమిటో చెప్పదు. ‘ఛాలెంజ్’ అంటే షరతు. ఫలానా రెండు రంగులే వాడాలి, మిగిలిపోయిన కాగితం ముక్కలతోనే చేయాలి, ఫొటో లేకుండా పుట నింపాలి, గంటలో ముగించాలి అన్నట్లుగా ఉంటాయివి.

వేరొకరు గీసిన పటాన్ని నింపితే అది ఆత్మకథ ఎలా అవుతుందన్నది ఇక్కడ సహజంగా వచ్చే ప్రశ్న. ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. స్క్రాప్‌బుక్‌ను వ్యక్తిగత చరిత్రకు ఆధారంగా స్వీకరించాలంటే అందులో వ్యక్తి ఎంత, చట్రం ఎంత అన్నది తేలాలి.

2. జిగురుకు ముందు

చట్రం జిగురుకన్నా పాతది. చదివిన గ్రంథాలనుంచి మంచి మాటలు ఎత్తిరాసుకొనే ‘కామన్‌ప్లేస్’ పుస్తకాలకు తత్త్వవేత్త జాన్ లాక్ ఒక పద్ధతి ఏర్పరచాడు. అది 1686లో ఫ్రెంచి పత్రికలో, 1706లో ఇంగ్లీషులో వెలువడింది. పుస్తకం మొదటి రెండు పుటల్లోనే సూచిక గీసుకోవాలి. ఒక్కొక్క అక్షరానికి అయిదు అచ్చుల చొప్పున మొత్తం 100 గళ్ళు. ఎత్తిరాసుకొనే విషయానికి శీర్షిక పెట్టి, ఆ శీర్షికలోని మొదటి అక్షరాన్నీ తరువాతి మొదటి అచ్చునూ బట్టి అది ఏ గడిలోకి పోవాలో తేల్చుకోవాలి. ఏం చదవాలో లాక్ చెప్పలేదు. చదివినది ఎక్కడ ఉండాలో చెప్పాడు. నేటి స్కెచ్ చేసే పని ఇంచుమించు ఇదే.

జేమ్స్ గ్రేంజర్ 1769లో ప్రచురించిన ఇంగ్లండు చరిత్రపురుషుల జీవితకోశం మరో దారి తెరిచింది. అందులో ఎవరెవరికి ఏయే చిత్తరువులు అచ్చయ్యాయో వివరించిన తీరు పాఠకులకు వేటగా మారింది. ఆ చిత్తరువులు ఇతర పుస్తకాలనుంచి కోసి తెచ్చి ఈ పుటల మధ్య చేర్చుకున్నారు. ఇంగ్లీషులో గ్రేంజర్ పేరే ఆ పనికి క్రియాపదమయింది. ఒక పుస్తకాన్ని అలంకరించడానికి మరికొన్ని పుస్తకాలు పాడయ్యాయన్నది వేరే విషయం.

3. బొమ్మల తాళ్ళు, ఫొటోల గూళ్ళు

గోడ్‌ఫ్రోయ్ ఎంగెల్‌మన్ 1837లో రంగుల లితోగ్రఫీకి ఫ్రాన్సులో పేటెంటు పొందిన తరువాత రంగుబొమ్మ క్రమంగా సామాన్యుల ఇంటికి చేరింది. అంచుల వెంట అచ్చుతో కోసి, ఉబ్బెత్తుగా ఒత్తిన పూలు, పిల్లలు, దేవదూతల బొమ్మలు తావులు తావులుగా అమ్ముడయ్యేవి. వీటినే ‘స్క్రాప్’లు అన్నారు. జర్మనీ ముద్రాపకులు ఈ పనిలో పేరుపడ్డారు. లండనులో 1866లో మొదలైన రఫేల్ టక్ సంస్థ కూడా వీటిని విరివిగా ప్రచురించింది. తెలుగునాట బడిపిల్లలు స్టేషనరీ దుకాణంలో ‘జాతీయ నాయకులు’, ‘పండ్లు’ చార్టు కొని, గళ్ళలోని బొమ్మలు కత్తిరించి ప్రాజెక్టు పుస్తకంలో అతికించడం చూసినవారికి ఈ సరకు స్వభావం వేరే వివరించనక్కరలేదు.

ఫొటోల విషయంలో చట్రం ఇంకా బిగువైనది. 1854లో ఆంద్రే డిస్డేరి పేటెంటు పొందిన ‘కార్త్ ద విజీత్’ పద్ధతిలో చిన్న అట్టమీద అతికించిన చిత్తరువులు ఒకే కొలతలో వచ్చేవి. కొలత ఒకటే కావడంతో ఆల్బమ్ తయారీదారులు ఆ అట్ట సరిగా దూరే గూళ్ళు కోసిన పుటలు అమ్మారు. రాణి, బంధువు, నటి అందరూ ఒకే పరిమాణంలో, ఒకే వరుసలో నిలబడ్డారు.

ఈ సమానత్వాన్ని కత్తెరతో భంగపరచినవారు 1860ల నాటి ఇంగ్లండు ఉన్నతకుటుంబాల స్త్రీలు. వారిలో లేడీ మేరీ జార్జియానా ఫిల్మర్ ఆల్బమ్ ప్రసిద్ధం. అందులోని ఒక పుటలో ఆమె నీటిరంగులతో తన అతిథుల గదిని చిత్రించి, ఫొటోలనుంచి కత్తిరించిన మనుషులను అందులో నిలిపింది. ఆమె స్వయంగా బల్ల పక్కన ఉంది. బల్లమీద ఆల్బములు, జిగురు పాత్ర ఉన్నాయి. వేల్స్ యువరాజు ముందుభాగంలో పెద్దగా కనిపిస్తాడు. భర్త సర్ ఎడ్మండ్ మాత్రం ఒక పక్కన, కుక్క దగ్గర, చిన్నగా కూర్చుని ఉంటాడు. ఈ పుటలోని ఫొటోలను విడదీసి పేర్లవారీగా జాబితా రాస్తే ఒక యువరాజు, ఒక భర్త, కొందరు అతిథులు మిగులుతారు. ఎవరు ఎంత, ఎవరు ఎక్కడ అన్నది పోతుంది. ఆమె చెప్పదలచుకున్నదంతా ఆ పోయినదానిలోనే ఉంది. గూళ్ళ ఆల్బమ్ సంగతి తెలియకపోతే ఈ పుటలోని చిలిపితనమూ అందదు, ధైర్యమూ అందదు.

4. మార్క్ ట్వైన్ జిగురు పట్టీలు

ట్వైన్‌కు 1873 జూన్ 24న స్క్రాప్‌బుక్ మెరుగుదలకు అమెరికా పేటెంటు వచ్చింది. దాని సంఖ్య 140245. పుటలమీద ముందే జిగురు పూసి ఆరబెట్టి ఉంటుంది. వాడేవాడు కావలసిన మేర తడిచేసి కత్తిరింపు ఒత్తితే చాలు. ట్వైన్ పేరుమీద ఉన్న మూడు పేటెంట్లలో డబ్బు తెచ్చిపెట్టినది ఇదే అంటారు. రచయిత ఒక్క మాట కూడా రాయని పుస్తకం ఆయన పేరుతో అమ్ముడుపోయింది.

ఇక్కడ గమనించవలసినది జిగురును పూసిన తీరు. ఈ పుస్తకాల్లో అది నిలువు పట్టీలుగా ఉండేది. వార్తాపత్రిక కాలమ్ కూడా నిలువుదే కావడంవల్ల కత్తిరింపు ఆ పట్టీమీద ఒద్దికగా కూర్చుంటుంది. దాన్ని అడ్డంగానో ఏటవాలుగానో పెట్టాలంటే వేరే జిగురు తెచ్చుకోవాలి. పత్రిక రూపం ఇంటి పుస్తకంలోకి ఈ విధంగా చడీచప్పుడు లేకుండా దిగుమతి అయింది. 1880లో ఇ.డబ్ల్యు. గర్లీ స్క్రాప్‌బుక్ తయారీమీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడంటే అప్పటికి ఈ అలవాటు ఎంత వ్యాపించిందో ఊహించవచ్చు.

అయితే అందరూ కొన్న పుస్తకం వాడలేదు. పాత లెక్కల పుస్తకాలు, ప్రభుత్వ నివేదికలవంటి వాటి పుటలమీదే కత్తిరింపులు అతికించినవారు చాలామంది. ఎలెన్ గ్రూబర్ గార్వీ 2012లో ప్రచురించిన ‘రైటింగ్ విత్ సిజర్స్’ ఈ తరహా పుస్తకాలను శ్రద్ధగా చదివిన గ్రంథం. ఆఫ్రికన్ అమెరికన్ల స్క్రాప్‌బుక్‌లమీద ఆమె చేసిన పరిశీలన మన విషయానికి కీలకం. తమను అవమానించే లేదా విస్మరించే తెల్లవారి పత్రికలనుంచే ముక్కలు ఏరి, పక్కపక్కన పేర్చి, ఆ పత్రికలు ఎన్నడూ రాయని చరిత్రను వారు నిర్మించుకున్నారు. మాటలు శత్రువువి, వరుస తమది. ఫిలడెల్ఫియాకు చెందిన విలియం డోర్సీ సుమారు 400 స్క్రాప్‌బుక్‌లు కూర్చాడు. రోజర్ లేన్ 1991లో వెలువరించిన ఫిలడెల్ఫియా నల్లజాతీయుల చరిత్రకు అవే ఆధారమయ్యాయి. హార్లెమ్‌లో అలెగ్జాండర్ గంబీ కూర్చిన సంపుటాలు ఇప్పుడు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మహిళల ఓటుహక్కు ఉద్యమకారులైన ఎలిజబెత్, ఆన్ మిల్లర్ల పుస్తకాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచింది. అచ్చుయంత్రం చేతిలో లేనివారికి కత్తెర సంపాదకత్వాన్ని ఇచ్చిందనడం అతిశయోక్తి కాదు.

5. స్కెచ్, ఛాలెంజ్

ఇరవయ్యో శతాబ్దంలో ఫొటో ఆల్బమ్ స్క్రాప్‌బుక్‌ను చాలావరకు పక్కకు నెట్టింది. జిగురు గీతల అట్టమీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర కప్పే ‘మాగ్నెటిక్’ ఆల్బములు మన ఇళ్ళలోనూ ఉండేవి. వాటి జిగురూ ప్లాస్టిక్కూ ఫొటోలను పసుపుపచ్చగా మార్చి పాడుచేశాయని తరువాత తెలిసింది. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన మేరియెలెన్ క్రిస్టెన్సన్ 1980లో సాల్ట్ లేక్ సిటీలో జరిగిన ప్రపంచ దస్తావేజుల సదస్సులో తమ కుటుంబ సంపుటాలను ప్రదర్శించడం కొత్త దశకు నాంది అంటారు. దినచర్య రాయడం, వంశచరిత్ర కాపాడటం ధర్మంగా భావించే మోర్మన్ సంప్రదాయం ఈ ప్రయత్నానికి నేపథ్యం. ఆమ్లరహిత కాగితం గ్రంథాలయాల గదులు దాటి గృహిణుల బల్లమీదికి వచ్చింది. 1987లో క్రియేటివ్ మెమరీస్ సంస్థ, 1996లో ‘క్రియేటింగ్ కీప్‌సేక్స్’ పత్రిక వచ్చాయి. పన్నెండు అంగుళాల చదరపు కాగితం ప్రమాణంగా స్థిరపడింది. ఆ పత్రికలో బెకీ హిగ్గిన్స్ గీసి ఇచ్చిన స్కెచ్‌లు తరువాత పుస్తకాలుగానూ వచ్చాయి.

స్కెచ్ ఆచరణలో ఎలా పనిచేస్తుందో చూస్తే దాన్ని యాంత్రికమనే విమర్శ కొంత సడలుతుంది. అనుభవజ్ఞులు పటాన్ని ఉన్నదున్నట్లు వాడటం అరుదు. పక్కకు తిప్పుతారు, అద్దంలో వలె తిరగేస్తారు. మూడు ఫొటోల చోట ఒకే పెద్ద ఫొటో పెడతారు, శీర్షిక గడిని ఉత్తరంతో నింపుతారు. ఒకే స్కెచ్‌తో ఒకరు పుట్టినరోజు పుట చేస్తే మరొకరు తల్లి మరణించిన ఏడాది పుట చేస్తారు.

తెలుగు పండితునికి ఇక్కడ అవధానవేదిక స్ఫురించక మానదు. రెంటికీ చారిత్రక సంబంధం లేదు, పోలిక విశ్లేషణకు మాత్రమే. స్కెచ్‌ను చూడగానే చిత్రబంధం గుర్తుకొస్తుంది గాని పద్మబంధంలో ఒక్క అక్షరం స్థానం తప్పినా పద్యం చెడుతుంది. స్కెచ్‌కు ఆ కాఠిన్యం లేదు. ఛాలెంజ్‌కు దగ్గరైనది దత్తపది. పొంతనలేని నాలుగు పదాలిచ్చి, అడిగిన విషయంమీద పద్యం చెప్పమంటారు. ఒక గుండీ, ఒక బస్సు టికెట్టు, ఒక పసుపు కాగితం ఇచ్చి పుట చేయమనడం అదే కోవకు చెందుతుంది. పరాయి పదాలు ఇచ్చారు కనుక పూరణ పరాయిదని అవధానిని ఎవరూ అనరు. సమస్యలో పృచ్ఛకుడు కవిని ఇరికించాలని చూస్తాడు. స్కెచ్ గీసేవారు మాత్రం ఖాళీ పుట ముందు కదలలేని చేతిని కదిలించాలని చూస్తారు. ఈ భేదం చిన్నది కాదు.

వ్యాపారం సంగతి దాచవలసిన పనిలేదు. స్కెచ్ వెనుక కాగితం, ముద్రలు, రిబ్బన్లు అమ్ముకొనే ఆసక్తి ఉంది. సంతోషమే పుటకెక్కుతుందని, పెళ్ళిళ్ళు, విహారయాత్రలు తప్ప కలహం, అప్పు, అనారోగ్యం కనబడవని చేసే విమర్శ కూడా న్యాయమైనదే. అయితే మిగిలిపోయిన ముక్కలతోనే చేయమనే ఛాలెంజ్ కొనడం మానమని చెబుతుంది. ఎన్నడూ ఎవరికీ చెప్పనిది రాయమనే ఛాలెంజ్ ఆ మౌనాన్నే ప్రశ్నిస్తుంది. ఒకే ఆచారంలో సంతా ఉంది, సంతపై తిరుగుబాటూ ఉంది.

6. ఆధారంగా వాడేటప్పుడు

స్క్రాప్‌బుక్ గ్రంథాలయాలకు ఇబ్బందికరమైన వస్తువు. గుజ్జు కాగితంలోని ఆమ్లం పక్క పుటను తినేస్తుంది, జిగురు పెళుసవుతుంది, వెన్ను ఉబ్బి పగులుతుంది. అందువల్ల పుటలు విప్పి, కత్తిరింపులు ఊడదీసి, విషయాలవారీ కవర్లలో పెట్టడం లేదా ఒక్కొక్క ముక్కను విడిగా మైక్రోఫిల్ముకెక్కించడం జరిగింది. సమాచారం దక్కింది, లేడీ ఫిల్మర్ భర్త కుక్క పక్కన కూర్చున్న సంగతి వంటిది దక్కలేదు.

తెలుగు పత్రికాసాహిత్యంమీద పరిశోధన చేసేవారికి ఇది దూరపు సమస్య కాదు. రచయితల కుటుంబాలలో తమ రచనలు, సమీక్షలు, సన్మానవార్తలు అతికించిన నోటుపుస్తకాలు లభిస్తూనే ఉన్నాయి. చాలాసార్లు పత్రిక పేరు, తేదీ కత్తెరలో పోయి ఉంటాయి. మనం వెంటనే చేసేది వ్యాసపాఠాన్ని ఎత్తిరాసుకొని పుస్తకం తిరిగి ఇచ్చేయడం. అలా ఇచ్చేముందు పుటను మొత్తంగా, ఎదుటి పుటతో కలిపి ఫొటో తీసుకోవాలి. అడుగున ఉన్నది ఏ పుస్తకమో చూడాలి. అది పాత లెక్కల పుస్తకమా, బడి నోటుపుస్తకమా, బహుమతిగా వచ్చిన డైరీయా అన్నది కూర్చినవారి స్థితిగతులు చెబుతుంది. డైరీ అయితే అచ్చుతేదీల గళ్ళే అక్కడ చట్రం. కత్తిరింపు ఏ తేదీ కింద అతికి ఉందన్నది యాదృచ్ఛికమా కాదా అని పరీక్షించాలి. తిట్టిన సమీక్ష కూడా అతికించారా, అతికిస్తే మెచ్చినదాని పక్కనా, చివరి పుటలోనా అన్నది చూడాలి. జిగురు వదిలి ఒక అంచు లేచి ఉంటే దాన్ని లాగకుండా వెనుకవైపు చదవాలి. అక్కడ సగం తెగిన సినిమా ప్రకటన ఉంటే, ఆ చిత్రం విడుదలైన వారాన్ని బట్టి ముందువైపు వ్యాసానికి తేదీ కట్టవచ్చు.