కాగితం చెప్పిన సాక్ష్యం

పాత పుస్తకాలు సేకరించేవారికి మొదటి ముద్రణ అంటే ప్రాణం. అదే రచన మూడోసారి అచ్చయితే మామూలు ధర, మొదటిసారి అచ్చయిన ప్రతి అయితే ఎన్నో రెట్లు. సరిగ్గా ఈ తేడాలోనే దొంగ ముద్రణలకు చోటు దొరికింది. అలాంటి ఒక మోసం 1934లో లండన్‌లో ఎలా బయటపడిందో మన మిత్రులకు, ముఖ్యంగా చరిత్ర బోధించే గురువులకు ఆసక్తి కలిగిస్తుంది.

థామస్ జేమ్స్ వైజ్ గుమాస్తాగా జీవితం మొదలుపెట్టి, ఇంగ్లండ్‌లో పేరుమోసిన పుస్తక సేకర్త అయ్యాడు. బిబ్లియోగ్రాఫికల్ సొసైటీకి అధ్యక్షుడుగా పనిచేశాడు. ఆయన తయారుచేసిన గ్రంథ సూచికలే అందరికీ ప్రమాణం. వాటిలో చోటు చేసుకున్న అపురూప ప్రతుల్లో ఒకటి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ప్రేమ సానెట్ల చిన్న పుస్తకం. దాని మీద ‘రెడింగ్, 1847’ అని ఉండేది. ఆ కవితలు లోకానికి తెలిసింది 1850లో; కాబట్టి అంతకు మూడేళ్ల ముందటి ప్రతి అంటే సేకర్తలు ఎగబడ్డారు.

ఇందులో తెలివి ఏమిటంటే, ఉన్న పుస్తకానికి ఇది నకలు కాదు. అసలెన్నడూ లేని ముద్రణనే పుట్టించారు. పోల్చి చూడటానికి అసలు ప్రతి ఉంటే కదా, తేడా పట్టుకోవడానికి!

జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ అనే ఇద్దరు యువ పుస్తక వ్యాపారులు ఇలాంటి 50 దాకా చిన్న పుస్తకాలను పరీక్షకు పెట్టారు. మొదట కాగితం. పూర్వం బ్రిటన్‌లో కాగితాన్ని గుడ్డపీలికలతో చేసేవారు. 1861 నుంచి ఎస్పార్టో గడ్డి, 1874 తర్వాత రసాయనాలతో తీసిన కలప గుజ్జు వాడుకలోకి వచ్చాయి. 1847 నాటిదని చెప్పిన పుస్తకంలో, మైక్రోస్కోపు కింద కలప నార కనిపించింది! తర్వాత అచ్చు అక్షరాలు. అందులోని ‘ఎఫ్’, ‘జె’ అక్షరాల తీరు 1880 తర్వాతి పోతకు చెందినది.

మూడో సాక్ష్యం మరీ సాదాది. రచయిత్రి సంతకంతో ఎవరికైనా ఇచ్చిన ప్రతి ఒక్కటీ లేదు. ఆ కాలపు పాఠకుడి పేరు లేదు, ఆనాటి బైండింగు లేదు, ఉత్తరాల్లో ప్రస్తావన లేదు. ఎవరి చేతా నలగని పుస్తకాలవి.

కార్టర్, పొలార్డ్ తమ గ్రంథంలో వైజ్‌ను ఫోర్జరీదారు అని నేరుగా అనలేదు. చదివినవారికి చెప్పనక్కర లేకపోయింది. వైజ్ 1937లో, తప్పు ఒప్పుకోకుండానే మరణించాడు. ఆయన గ్రంథాలయాన్ని బ్రిటిష్ మ్యూజియం కొన్నది. 1950లలో మరో సంగతి తేలింది: మ్యూజియం వారి పాత నాటకాల్లో మాయమైన కాగితాలు కొన్ని వైజ్ ప్రతుల్లోనే ఉన్నాయి.

ఇన్నేళ్లు ఎవరూ ఎందుకు అడగలేదు? చెప్పినవాడు పెద్దవాడు కనుక. చివరికి పెద్దరికాన్ని ఓడించింది నార, సీసం, ఒక ఖాళీ అట్ట.

బడి గ్రంథాలయాల్లోని పాత పుస్తకాల మీద ఉండే ముద్రలు, బహుమతి చీటీలు, పెన్సిలు రాతలు ఇలాంటి సాక్ష్యాలే. కొత్త బైండింగు పేరిట వాటిని చించి పారేయవద్దు. మన ఇళ్లలోని పాత తరగతి ఫోటోల వెనుక కూడా పేర్లు, సంవత్సరం, ఇచ్చినవారి వివరం ఇప్పుడే రాసి పెడదాం. శతజయంతి నాడు వాటిని చూసేవారు మన మాట మీద ఆధారపడనక్కర లేకుండా ఉండాలి.