తుపాకి మడమ: త్రీనాట్‌త్రీ చెక్క చరిత్ర

పోలీసు చరిత్ర అనగానే మనకు గుర్తుకు వచ్చేది తుపాకి గొట్టం, దాని నుంచి వెలువడిన తూటా. కాని ఆ తుపాకిని మోసిన జవాను చేతికి, చెంపకు, భుజానికి తగిలినది ఇనుము కంటే ఎక్కువగా చెక్కే. మన సంఘంలో పోలీసు శాఖ నుంచి పదవీ విరమణ చేసిన మిత్రులకు ఇది కొత్త సంగతి కాదు. ఇతర శాఖల వారికి, మన పిల్లలకు, మనుమలకు ఆ చెక్క కథ చెప్పవలసిన అవసరం ఉంది. ఎందుకంటే ఆ తుపాకులు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. మిగిలిన వాటి చరిత్ర కూడా ఉప్పు కాగితం రాపిడికి చెరిగిపోయే ప్రమాదం ఉంది.

త్రీనాట్‌త్రీ రాక

గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యింట 303 వంతులు కనుక దీనికి త్రీనాట్‌త్రీ అని పేరు. అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. బోల్టు పద్ధతిని రూపొందించిన జేమ్స్ పారిస్ లీ పేరు, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారం పేరు కలిపి అలా పిలిచారు. బ్రిటిష్ సైన్యం దీని పొట్టి రకాన్ని 1904లో ప్రవేశపెట్టింది. 1907లో వచ్చిన మూడవ నమూనా మన దేశంలో స్థిరపడింది. కలకత్తా సమీపాన హుగ్లీ తీరంలోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో దీనిని దశాబ్దాల పాటు తయారు చేశారు.

ఈ రైఫిల్‌కు చెక్క నాలుగు ముక్కలుగా ఉంటుంది. భుజానికి ఆనించేది మడమ. గొట్టం కింద మూతి వరకు సాగేది ముందు చెక్క. గొట్టం పైన చేయి కాలకుండా కప్పేవి రెండు ముక్కలు. మడమ చివర ఇత్తడి పలక, దానిలో చిన్న తలుపు, ఆ తలుపు లోపల నూనె సీసా, పుల్‌త్రూ తాడు. కాలేజీలో ఎన్.సి.సి. చేసిన వారికి కూడా ఈ అర బాగా గుర్తుండే ఉంటుంది.

ఏ పనికి ఏ చెక్క

మొదట్లో ఈ చెక్క అక్రోటు చెట్టుది. అక్రోటు మరీ బరువు కాదు, దెబ్బకు తేలిగ్గా చీలదు, ఎండకు వానకు వంకర తిరగడం తక్కువ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవారు పనస దుంగను ఎంచుకుంటారు. ఎందుకంటే వీణకు నాదం కావాలి. తుపాకికి నాదంతో పని లేదు. పేలిన ప్రతిసారీ వెనక్కు తన్నే తాపును పగలకుండా భరించాలి, అంతే. వడ్రంగం ఒకటే అయినా పనిని బట్టి కర్రను ఎంచుకోవడంలోనే నేర్పు ఉంది.

మన తీరప్రాంతంలో ఈ చెక్కకు ఇంకొక పరీక్ష ఉంది. వర్షాకాలంలో గాలిలోని తేమకు కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుదించుకుంటుంది. ముందు చెక్క గొట్టాన్ని ఆనుకొని ఉంటుంది కనుక అది ఏ కొంచెం వంగినా గురి మారిపోతుంది. చెక్కకు నూనె పట్టించడం మెరుపు కోసమే అనుకోవడం పొరపాటు. తేమ తొందరగా లోపలికి రాకుండా, తొందరగా బయటకు పోకుండా చేయడమే దాని అసలు ఉద్దేశం.

అవిసె నూనె మహిమ

ఈ పనికి వాడినది అవిసె గింజల నూనె. వార్నిష్ కర్ర పైన పొరలా నిలిచి, దెబ్బ తగిలితే పెచ్చులుగా లేస్తుంది. అవిసె నూనె కర్ర లోపలికి ఇంకుతుంది. అది ఆరడం అంటే నీరులా ఆవిరైపోవడం కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని క్రమంగా గట్టిపడడం. పచ్చి నూనెకు ఇందుకు రోజుల తరబడి సమయం పడుతుంది. బజారులో దొరికే ఉడికించిన రకం త్వరగా ఆరుతుంది. పద్ధతి చాలా సులువు. అరచేతిలో కొన్ని చుక్కలు వేసుకొని చెక్క వెచ్చబడే వరకు రుద్దాలి. మిగులు నూనెను పొడిగుడ్డతో తుడిచేయాలి. ఎక్కువైతే జిగటగా మిగిలి దుమ్ము పడుతుంది. ఏళ్ళ తరబడి ఇలా చేస్తే ఏ రంగూ ఇవ్వలేని ముదురు ఎరుపు నిగారింపు వస్తుంది.

ఇంట్లో టేకు కుర్చీకి ఈ నూనె పట్టించే మిత్రులకు ఒక హెచ్చరిక. నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. అది దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. బయట విప్పి పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచి ఉంచాలి.

ఆర్మరర్ పనితనం

తుపాకి ప్రభుత్వ ఆస్తి. దానిని తన ఇష్టం వచ్చినట్టు చెక్కించుకునే హక్కు జవానుకు లేదు. మనిషి కొలతకు తగినట్టు మార్చగలిగినది మడమ పొడవు ఒక్కటే. పొట్టి, మామూలు, పొడవు అని అరంగుళం తేడాతో మడమలు వచ్చేవి. పొట్టి చేతులవానికి పొడవు మడమ ఇస్తే చెంప సరిగా ఆనదు, గురి కుదరదు.

మిగిలిన మరమ్మతు అంతా ఆర్మరర్‌దే. సొట్ట పడితే తడిగుడ్డ వేసి పైన వేడి ఇనుము పెట్టేవారు. ఆవిరికి అణగిన నారలు మళ్ళీ లేచేవి. చీలిక వస్తే అదే నార వరుస గల ముక్కను అతుకు కనిపించకుండా అమర్చేవారు. మడమ విప్పాలంటే ముందు చెక్కను మొదట తీయాలి. తొందరపడి లోపలి పొడవు బోల్టును తిప్పితే ముందు చెక్క చీలిపోతుంది. ఇషాపూర్ వారు ముందు చెక్క పగలకుండా అడ్డంగా ఒక మరను చేర్చారు. గ్రెనేడు విసిరే కొన్ని రైఫిళ్ళకు ముందు చెక్క చుట్టూ రాగి తీగ చుట్టారు. ఇవన్నీ చెక్క బలహీనతను తెలిసినవారు చేసిన ఏర్పాట్లు.

మన నేలమీద మడమ

ఈ చెక్కకు మన ప్రాంతంలో ఇంకొక చరిత్ర ఉంది. 1922లో శ్రీకాకుళం గంజాం జిల్లాలోను, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోను ఉండేవి. ఆ ఏడు ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను తీసుకుపోయింది. తీసుకున్న ఆయుధాల వివరం స్టేషను రికార్డులో రాసి సంతకం చేయడం రాజు పద్ధతి. ప్రభుత్వానికీ తిరుగుబాటుదారుకూ కూడా తుపాకి లెక్క అంత ముఖ్యమైనది.

పోలీసులకూ కాపలాదారులకూ పది తూటాల రైఫిల్ ఇవ్వడానికి ఆనాటి ప్రభుత్వం వెనకాడింది. లీ ఎన్‌ఫీల్డ్‌నే .410 మస్కెట్‌గా మార్చి, తూటాల పెట్టె ఉండే చోట చెక్క దిమ్మను బిగించి, ఒకసారికి ఒక్క తూటా మాత్రమే పేలేలా చేసి ఇచ్చింది. చూడడానికి అదే తుపాకి. ఆ చిన్న చెక్క దిమ్మలో పాలకుల అపనమ్మకం అంతా ఉంది.

1967 అక్టోబరు 31న లేవిడి వద్ద భూస్వాముల పక్షం కాల్పులలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ తరువాత సాగిన సాయుధ పోరాటం, పోలీసు చర్యలు మనలో చాలామంది ఉద్యోగ జీవితంలో భాగం. 1970 జూలై 10న వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పోలీసు కాల్పులలో మరణించారు. ఆనాడు సాయుధ పోలీసుల చేతిలోని ప్రధాన ఆయుధం త్రీనాట్‌త్రీ. కొండల్లో రాత్రంతా మేల్కొని ఉన్న జవానుకు మడమ అంటే తలకు ఆసరా. సోదాలకు గురైన పల్లెకు మడమ అంటే దెబ్బ. తెలుగులో తుపాకి మడమ అనే మాట వినగానే రెండవ అర్థమే ముందు తోస్తుంది. నిజాయితీగా చరిత్ర రాయాలంటే రెండింటినీ రాయాలి.

చెరిగిపోతున్న గుర్తులు

తరువాత సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ వచ్చింది, దానికీ చెక్క మడమే. 1990లలో వచ్చిన ఇన్సాస్‌తో మడమ ప్లాస్టిక్‌గా మారింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతుతో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికారు. పనికిరావని తేల్చిన తుపాకులను కోసి కరిగిస్తారు. ప్రదర్శన కోసం నిలిపిన కొద్ది వాటికి ముచ్చటగా కనబడాలని ఎవరో ఉప్పు కాగితం పట్టి, మెరిసే వార్నిష్ పూస్తే కలిగే నష్టం తిరిగి పూడ్చలేనిది. చెక్క మీద తయారీ ముద్రలు, మరమ్మతు ముద్రలు, రాక్ నంబర్లు, పాత వాటికి మడమ కుడివైపున ఇత్తడి బిళ్ళ ఉంటాయి. ఏ తుపాకి ఏ లైన్లలో, ఎవరి చేతిలో ఉండేదో చెప్పే సాక్ష్యం అదే. గీత, సొట్ట, అతుకు కూడా సాక్ష్యమే. వాటిని నునుపు చేస్తే తుపాకి కొత్తదవుతుంది, కాని మూగదవుతుంది.

కనుక ఆయుధాల బాధ్యత గల అధికారులకు మనవి. ప్రదర్శనకు ఉంచే రైఫిల్‌ను పొడిగుడ్డతో తుడిచి, చెక్క మరీ ఎండితే పలుచగా అవిసె నూనె పట్టించండి. అంతకు మించి చేయకండి. లైసెన్సు తుపాకి గల కుటుంబాల వారు మరమ్మతును లైసెన్సు ఉన్నవారి చేతనే చేయించాలి. ఆయుధాల చట్టం 1959 అదే చెబుతుంది.

ఆర్మరర్లుగా, రిజర్వు లైన్లలో బెల్ ఆఫ్ ఆర్మ్స్ చూసినవారుగా పనిచేసిన మిత్రులు తమకు తెలిసిన సంగతులు కాగితం మీద పెట్టాలని కోరుతున్నాను. ఏ నంబరు రైఫిల్ ఎవరిది, ఏ అతుకు ఎందుకు పడింది అన్నది వారికే తెలుసు. ఆ తుపాకుల ముందు నిలబడవలసి వచ్చిన పల్లెల పెద్దలు చెప్పేదీ అంతే శ్రద్ధతో రాసి ఉంచాలి. ఇనుము కరిగినా, చెక్క కాలినా, ఆ రెండు మాటలూ పక్కపక్కన నిలిస్తే మన జిల్లాల చరిత్రకు లోటు ఉండదు.